వస్తడు

మహమ్మద్‌నగర్‌లో ఇంగ్లిష్ టెన్సులు చెప్పడానికి ఉదాహరణల కోసం గ్రామర్ పుస్తకం తిరగేయనక్కర్లేదు. దగ్గర్లోనే నిజాంసాగర్ ఉంది. '1923ల మొదలువెట్టి 1931ల డ్యామ్ కట్టిండ్రు' అంటే అయిపోయిన సంగతి, పాస్ట్. 'మంజీర పారుతది' అంటే ఎప్పుడూ జరిగేది, సింపుల్ ప్రెజెంట్. 'రేపు కాలువకు నీళ్లిడుస్తరు' అంటే ఇంకా జరగాల్సింది, ఫ్యూచర్.

మొదటిదాన్ని ఎనిమిదో తరగతి పిల్లలు ఇట్టే పట్టేస్తారు. చిక్కంతా తక్కిన రెండింటి దగ్గరే. అందులో పిల్లల తప్పేమీ లేదు, మన క్రియే అలాంటిది. 'మా అన్న కామారెడ్డి పోతడు' అంటే రోజూ పోతాడా, రేపు పోతాడా? పక్కన ఇంకో మాట పడితే తప్ప తేలదు. ఎప్పుడూ జరిగేదాన్ని మన వ్యాకరణం తద్ధర్మం అని వేరుగానే గుర్తించింది. కావ్యభాషలో 'వచ్చును' వేరు, 'రాగలడు' వేరు. నోటి మాటలో ఆ రెండూ కలిసిపోయి ఒక్క 'వస్తాడు' మిగిలింది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. కమ్స్ దారి కమ్స్‌ది, విల్ కమ్ దారి విల్ కమ్‌ది. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఈ ఒక్క తేడా పట్టుబడితే పిల్లల రాత సగం బాగుపడుతుందని నా నమ్మకం. అందుకే దాని మీదే పది రోజులు కూర్చున్నాను.

గుర్తు పెట్టుకోవడానికి బోర్డు మీద ఒక లెక్క రాసిచ్చాను. 'రోజూ', 'ఏటేటా', 'ప్రతి' కనబడితే క్రియ చివర ఎస్. 'రేపు', 'వచ్చే నెల' కనబడితే ముందు విల్. తర్వాత, మీ ఇంట్లో అనుకునే మాటలే పది రాసి ఇంగ్లిష్‌లోకి మార్చుకు రండి అన్నాను. దిద్దుకోవడానికి వీలుగా పెన్సిల్‌తోనే రాయమన్నాను.

మూడో బెంచీలో కూర్చునే అమ్మాయి నోట్‌బుక్ చూస్తుంటే కడుపు నిండిపోయింది. 'మా అమ్మ నాట్లకు పోతది', గోస్. 'మా మేక దినాం తాడు తెంపుతది', బ్రేక్స్. 'ఎల్లుండి మా మేనత్త వస్తది', విల్ కమ్. 'మా బాపు దుబాయిల ఉంటడు', లివ్స్. తొమ్మిదింటికి తొమ్మిదీ సరిగ్గా ఉన్నాయి. పదోది ఇది: 'మా బాపు ప్రతి దసరకు వస్తడు.' దాని కింద, 'మై ఫాదర్ విల్ కమ్ ఎవ్రీ దసరా.'

ఆ ఒక్కచోట కాగితం రుద్ది రుద్ది పలచబడింది. వెలుగుకు పెట్టి చూస్తే వెనక పేజీ అక్షరాలు కనబడుతున్నాయి. చెరిపిన చోట ఇంకో మాట లీలగా తెలుస్తోంది. 'కమ్స్' అని. సరిగ్గా రాసి కూడా చేజేతులా చెడగొట్టుకుందే అని ప్రాణం ఉసూరుమంది. 'విల్' మీద ఎర్ర గీత గీసి, పైన 'కమ్స్' అని రాసి, పదికి తొమ్మిది వేసి పిల్లను పిలిచాను.

"ఇదేందమ్మా, ఇక్కడ 'ప్రతి' అని ఉంది గదా?"

"ఉంది సార్."

"ప్రతి అంటే ఏం రావాలె?"

"ఎస్ రావాలె సార్."

"మరి ముందు మంచిగనే రాసినవ్. ఎందుకు మార్చినవ్?"

పిల్ల నోట్‌బుక్‌లోని ఎర్ర గీత వైపు చూసింది.

"రాత్రి రాస్తుంటే అమ్మ పక్కకొచ్చి కూసున్నది సార్. బాపు గురించి ఏం రాసినవ్ అని అడిగింది. సదివి చెప్పిన. రెండిట్ల తేడా ఏంది అన్నది. మీరు చెప్పినట్టే చెప్పిన సార్. కమ్స్ అంటే ఏటేటా వచ్చేటోళ్లకు, విల్ కమ్ అంటే ఇంకా రానోళ్లకు అని."

"చెప్తే?"

"అమ్మనే చెరిపింది సార్."