క్రెడిట్స్ టు ఓనర్

విజయవాడ భవానీపురంలో పెళ్లి లైవ్ పెట్టే కుర్రాళ్లకు అమెరికా చట్టం మీదున్న భక్తి అమెరికా లాయర్లకు కూడా ఉండదు. వీడియో కింద చూడండి: వధూవరుల పేర్లు, ముహూర్తం, ఫొటోగ్రాఫర్ నంబరు, ఆ కిందే "1976 కాపీరైట్ చట్టం, సెక్షన్ 107 ప్రకారం ఫెయిర్ యూజ్". పెళ్లేమో పున్నమి ఘాట్ దగ్గర్లో. చట్టమేమో వాషింగ్టన్‌లో. డాలస్‌లో కూర్చుని చూసే పెదనాన్నగారికి పరాయిగా ఉండకూడదని కాబోలు, ఆ సెక్షన్‌కు వీసా ఇప్పించి తెచ్చారు. మనకూ 1957 నాటి చట్టం ఒకటి ఉందని, అందులో మినహాయింపులన్నీ సెక్షన్ 52లో ఉన్నాయని చెబితే, "అది మనకి పనిచెయ్యదండి" అంటారు.

పనిచేసే సూత్రాలు వేరే ఉన్నాయి. "పది సెకన్ల లోపైతే చెల్లుద్దండి." ఏ సెక్షన్‌లోనూ సెకన్ల లెక్క లేదు. సొంత వాడకం, విమర్శ, సమీక్ష, వర్తమాన విషయాల వార్త అని మాత్రం ఉంది. తలంబ్రాలు వీటిలో దేని కిందికి వస్తాయి? పెళ్లికొడుకు మీద సమీక్ష జరిగే మాట నిజమే గానీ, దానికి నేపథ్య సంగీతం అక్కర్లేదు.

"శ్రుతి కాస్త పెంచితే మెషీన్‌కి తెలవదండి." తప్పేమీ లేదనుకునేవాడు శ్రుతి ఎందుకు పెంచుతాడో మాత్రం అడక్కండి.

"క్రెడిట్స్ టు ఓనర్ అని వేసేస్తాం కదండీ." అత్తసొమ్ము అల్లుడు దానం చేయడం పాత పద్ధతి. కింద అత్తగారి పేరు వేసి చేతులు దులుపుకోవడం కొత్త పద్ధతి.

"పాత పాటకి ఏముందండి?" పాతాళభైరవి 1951లో వచ్చింది. రికార్డు మీద హక్కుకు 60 ఏళ్లు, అది 2011తో తీరిపోయింది. కానీ మాట మీదా బాణీ మీదా హక్కు కర్త పోయాక ఇంకో 60 ఏళ్లు బతుకుతుంది. మాట రాసిన పింగళి 1971లో పోయారు, బాణీ కట్టిన ఘంటసాల 1974లో. అంటే మాట 2031 దాకా, బాణీ 2034 దాకా కాపలాలోనే ఉంటాయి. నేపాళ మాంత్రికుడు వచ్చినా ఆ లెక్క మారదు.

వీళ్లలో కాస్త చదువుకున్నవాడు 52(1)(జెడ్‌ఏ) తీస్తాడు. మతపరమైన వేడుకలో పాట మోగితే ఉల్లంఘన కాదు, పెళ్లి ఊరేగింపూ పెళ్లి సంబరాలూ అందులోకే వస్తాయి. 2023 జులైలో కేంద్రం కూడా ఆ మాటే మళ్లీ గుర్తుచేసింది. మండపంలో డీజేకు అది గొడుగే. ఆ గొడుగు నీడ లైవ్ దాకా పడుతుందా అన్నది కోర్టులో వాదించుకోవచ్చు. కానీ మూణ్నెల్లు పోయాక అప్పగింతల వీడియోకు అతికించే సినిమా పాట ఏ వేడుకలో మోగిందట?

పైగా ఆపేది కోర్టు కాదు. యూట్యూబ్‌లో పాటల్ని పట్టుకునే ఆ మెషీన్, కంటెంట్ ఐడీ, 2007 నుంచీ ఉంది. అది సెక్షన్లు చదవదు, చెవితో పోల్చి చూస్తుంది. లైవ్‌లో పాట పట్టుకుంటే పెళ్లి బొమ్మ స్థానంలో ఇంకో బొమ్మ పెట్టగలదు, లైవ్‌నే కోసేయగలదు. అది గట్టిమేళం సమయమా, ఫొటోల సమయమా అని చూడదు. ఇలాంటి కోతకు గొప్పవాళ్లూ లెక్కలేదు అనడానికి పక్క వేదికలో ఒక ముచ్చట ఉంది: 2021 ఫిబ్రవరిలో మెటాలికా రాక్ బృందం బ్లిజ్‌కాన్ అనే వీడియో గేముల పండగలో వాయిస్తుంటే, లైవ్‌లు చూపించే ట్విచ్ తన సొంత ఛానల్లోనే ఆ హోరు తీసేసి ఏదో బొమ్మలాట సంగీతం వేసింది. 2000లో పాటల హక్కుల కోసం, ఊరికే పాటలు పంచుకోనిచ్చే నాప్‌స్టర్‌ను కోర్టుకీడ్చింది ఆ మెటాలికాయే.

అంత దూరం ఎందుకు? 2017లో అమెరికా కచేరీల్లో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా నుంచి నోటీసు వెళ్లింది, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని. ఆ పాటలు లోకానికి పాడి వినిపించిన గొంతుకే నోటీసు! రాజాగారిది న్యాయమా కాదా అని మనం తెల్లవార్లూ కొట్టుకోవచ్చు. బాలు మాత్రం సెక్షన్ 107 చదవలేదు, ఆ కచేరీల్లో ఆ పాటలు పాడటం మానేశారు.

దారి లేక కాదు. సినిమా పాటే కావాలంటే మాటకూ బాణీకీ 1969 నుంచి ఐపీఆర్‌ఎస్ అనే హక్కుల సొసైటీ ఉంది, రికార్డుకు ఆడియో కంపెనీ ఉంది. అడగాలి, కట్టాలి. అంత ఓపిక లేకపోతే మండపంలో సన్నాయి మేళం ఎలాగూ ఉంది. త్యాగయ్య 1847లో పోయారు, ఆయన కీర్తన మీద ఎవరికీ హక్కు మిగల్లేదు. వాయించేవాళ్లకు లైవ్ సంగతి చెప్పి, ఒప్పించి, డబ్బివ్వాలి. అప్పుడు మెషీన్ పొరబడి ఆపినా గట్టిగా పోట్లాడొచ్చు.

డ్రోన్‌కు అడ్వాన్సు, ఎల్‌ఈడీ గోడకు అడ్వాన్సు, పూలకు అడ్వాన్సు. పాట ఒక్కటే పెళ్లికి ఉచితంగా రావాలి. ఆ "క్రెడిట్స్" మంత్రం మీద అంత గురి ఉంటే, ఈసారి భోజనాల బిల్లు మీద కూడా అదే రాసి వంటమేస్త్రి చేతికివ్వండి. ఆయన ఏమంటాడో లైవ్ పెట్టండి, ఆ మాటలకు కాపీరైట్ అడిగేవాడు ఉండడు.