కుడికాలి చక్రాల బూటు

నేను కుడికాలి బూటును. అడుగున నాలుగు చక్రాలు ఒకే వరుసలో బిగించిన ఇన్‌లైన్ స్కేటును. ట్రాక్ మీద స్కేటింగ్ పరుగు ఎప్పుడూ ఎడమచేతి వైపే తిరుగుతుంది. మలుపు రాగానే ఎడమకాలి ముందు నుంచి దాటి అడుగు వేయాల్సింది నేనే. ఆ అడుగు తప్పితే పిల్లగాడి మోకాలు చిట్లుతుంది. అందుకే నా కథంతా మలుపుల దగ్గరే నడుస్తుంది.

నన్ను ముంబయి నుంచి పాలమూరుకు తెచ్చింది ఒక మేస్త్రి. జడ్చర్ల పక్క ఊరు ఆయనది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు వేసినా పాలమూరు చేతులు ఉండేవి. మా మేస్త్రిది గచ్చు పని. తాపీ పట్టాడంటే నేల అద్దంలా తేలేది. ఒక ఇంట్లో పని ముగిశాక, వాళ్లు వద్దని పక్కన పెట్టిన సామానులో నేనూ నా జతా కనిపించాం. అడిగి తీసుకున్నాడు. రాత్రి బస్సులో సంచి అడుగున కూర్చుని ఊరు చేరాం.

కొడుకు పాదానికి మేము వదులు. "ముంగట గుడ్డపేలికలు వెట్టుకో బిడ్డా, కాలు పెరుగుతది" అన్నాడు తండ్రి. పేలికలు కుక్కుకుని, బడిలో బాస్కెట్‌బాల్ ఆడే కోర్టు మీద పిల్లగాడు మొదట నిలబడ్డాడు. తర్వాత వంగాడు. ఆ తర్వాతే కదిలాడు.

ఈ ఆటలో కాలు వెనక్కి తన్నితే పని జరగదు, పక్కకు తొయ్యాలి. మోకాళ్లు బాగా మడిచి, వీపు నేలకు సమంగా దించి, బరువంతా ఒక కాలి మీద మోపి, రెండో కాలిని పక్కకు చాచాలి. ఎంత కిందికి కూర్చుంటే తోపు అంత పొడవు వస్తుంది. తొడలు మండుతాయి. లేచి నిలబడితే ఆ మంట తగ్గుతుంది, దాంతోపాటు వేగమూ పోతుంది. మంచు మీద పరుగెత్తేవాళ్లదీ ఇదే పని. నాకు చక్రాలున్న చోట వాళ్ల బూటుకు ఒక మిల్లీమీటరు మందం ఉక్కు పలక ఉంటుంది, అంతే.

మంచు పరుగును పిల్లగాడు ఫోనులో చూశాడు. 2022 ఫిబ్రవరి 12, బీజింగ్ ఒలింపిక్స్, మగవాళ్ల 500 మీటర్లు. ఒక్కసారికి ఇద్దరే దిగుతారు. ఒకరికి లోపలి దారి, ఒకరికి బయటి దారి. చుట్టు 400 మీటర్లు. రెండు మలుపుల మధ్య ఇద్దరూ దారులు మార్చుకుంటారు. పక్కవాణ్ని దాటినంత మాత్రాన గెలుపు కాదు, అందరి కాలాలూ చూసి పతకం ఇస్తారు. చైనావాడు గావ్ టింగ్‌యు 34.32 సెకన్లలో ముగించి ఒలింపిక్ రికార్డు పెట్టాడు. అంటే గంటకు సుమారు 52 కిలోమీటర్లు, అదీ నిలబడిన చోటు నుంచి మొదలుపెట్టి. కొరియా స్కేటర్ చా మిన్‌క్యూ 34.39తో రెండోవాడు. అంతకుముందు 2018 ఒలింపిక్స్‌లో ఇదే చా మిన్‌క్యూ నార్వే స్కేటర్ లోరెంట్సెన్ చేతిలో సెకనులో నూరో వంతుతో బంగారం పోగొట్టుకున్నాడు.

ఆ నూరో వంతు ఎక్కడ పోతుందో నాకు తెలుసు. చివరి మలుపులో పోతుంది. వేగం నిండుగా ఉన్నప్పుడు లోపలి మలుపు ఇరుగ్గా ఉండి మనిషిని బయటికి విసురుతుంది. బయటి మలుపు కొంచెం దయగలది. చివరి మలుపు ఎవరికి ఏ దారిలో వస్తుందో దాన్నిబట్టే ఫలితం తేలిపోతే అన్యాయమని 1998 నుంచి 2014 దాకా ఒలింపిక్స్‌లో ఈ పరుగును రెండుసార్లు పెట్టి కాలాలు కలిపేవాళ్లు. 2018 నుంచి మళ్లీ ఒక్కసారికే వచ్చారు. నా మటుకు రెండుసార్లు పెట్టడమే న్యాయం.

2014లో సోచీలో ఆ కూడికే ఒకణ్ని కుంగదీసింది. డచ్చివాడు యాన్ స్మేకెన్స్ తానే గెలిచాననుకుని చేతులెత్తాడు. బోర్డు మీద కాలాన్ని సవరించారు. సెకనులో 12 వెయ్యో వంతుల తేడాతో బంగారం మిషెల్ ముల్డర్‌దయింది. మూడోవాడు మిషెల్ కవల సోదరుడు రొనాల్డ్. ఇంకొకణ్ని మలుపే పడేసింది. 1988లో కాల్గరీలో అమెరికా స్కేటర్ డాన్ జాన్సెన్ అక్క చనిపోయిన రోజే ఈ పరుగుకు దిగి, మొదటి మలుపులోనే పడ్డాడు. ఆరేళ్ల తర్వాత 1000 మీటర్లలో ప్రపంచ రికార్డుతో బంగారం తెచ్చుకున్నాడు. మలుపులో పడే కాళ్లను మోసే నాకు ఆయన పేరు మరపురాదు.

మంచు వేల మైళ్ల దూరంలో ఉందని బెంగపడాల్సిన పని లేదు. మంచే లేని వేడి ఊళ్ల నుంచీ ఈ ఆటకు వెళ్తున్నారు. ఫ్లోరిడాలో నాలాంటి చక్రాల మీద పెరిగిన ఎరిన్ జాక్సన్ ఆలస్యంగా మంచు ఎక్కి, 2022లో ఆడవాళ్ల 500 మీటర్ల బంగారం గెలిచింది. చక్రాల మీదే చూసుకుంటే, 2025 సెప్టెంబరులో చైనాలో జరిగిన ప్రపంచ పోటీల్లో తమిళనాడు యువకుడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 1000 మీటర్ల స్ప్రింట్‌లో బంగారం, 500లో కంచు గెలిచాడు. ఈ ఆటలో భారతీయుడు ప్రపంచ విజేత కావడం అదే మొదలు. అదే ఏడాది జనవరిలో లేహ్‌లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో మంచు మీద బంగారం గెలిచిన నయనశ్రీ తాళ్లూరి మన తెలంగాణ తరఫున దిగిన అమ్మాయే.

ఇంతలో మేస్త్రి కొడుకు కాలు పెరిగి నాలో పట్టలేదు. వాళ్ల మేనత్త కొడుక్కి ఇచ్చారు. అలా నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు వచ్చాను. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను వంచిన నేల ఇది. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే పెట్టుకుంది. పేరు అంత దూరం వెళ్లింది గానీ, వంగిన కాళ్లు మళ్లీ చక్కబడలేదు. కొత్త పిల్లగాడి తాతవి అలాంటి కాళ్లే. మోకాళ్లు ఎడంగా విడిపోయి, నడుము బిగుసుకుని, గడపలో కూర్చుని చూస్తుంటాడు. మనవడు మోకాళ్లు మడిచి వీపు వంచగానే ఒకరోజు అన్నాడు:

"మమ్ముల నీళ్లు వంచినయి. నువ్వు ఆటకు వంగుతున్నవా బిడ్డా? వంగు. మల్ల సక్కగ లేస్తవు గద."

మనవడిది బోరునీళ్లు కాదు, కృష్ణా నీళ్లు తాగి పెరిగిన కాలు. పాదం లోపలికి దూరినప్పుడు మడమ నుంచి పిక్క దాకా ఎముక నిటారుగా తగులుతుంది. బూటుకు అంతకంటే ఏం కావాలి?

కావాల్సింది నేల. ఇక్కడ పిల్లగాడు పరుగెత్తేది ఊరి రోడ్డు మీద. ఒక్క మొరం రాయి చక్రం కింద పడితే చాలు, తోపు అంతా వృథా. దుమ్ము బేరింగుల్లో దూరుతుంది. ఒక్కో చక్రానికి రెండు బేరింగులు. విప్పి పెట్రోలుతో కడిగి, కుట్టుమిషను నూనె చుక్క వేస్తాడు. వారం తిరిగేసరికి మళ్లీ గరగర. తోపు పడే లోపలి అంచు ముందు అరుగుతుంది కాబట్టి చక్రాలు తిప్పి బిగిస్తాడు. పాపం, వాడు చేయగలిగినదంతా చేస్తున్నాడు. మలుపులో మాత్రం భయపడి లేచి నిలబడతాడు. ఆ భయం కాళ్లది కాదని, రోడ్డుదని నేను సాక్ష్యం చెబుతాను.

ఇది చదివే సర్పంచులకు, హెడ్మాస్టర్లకు, నాలుగు రూపాయలు కూడబెట్టి ఊరికి ఏదైనా చేయాలనుకునే పెద్దలకు ఒక్క మనవి. చక్రాల పరుగుకు ట్రాక్ చుట్టుకొలత 200 మీటర్లు ఉంటే చాలు. బడి మైదానంలో అంత నున్నటి గచ్చు పోయించండి, మలుపుల దగ్గర బయటి అంచు కొంచెం ఎత్తు పెట్టించండి. పని తెలిసినవాళ్ల కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ముంబయికి వెళ్లిన మా మేస్త్రులను వెనక్కి పిలవండి.