సీటు కింద నేను

రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉండే ట్రాకర్‌ని నేను. నాలో ఒక బటన్ బ్యాటరీ, చిన్న స్పీకర్ ఉంటాయి. బ్లూటూత్‌లో సన్నగా సంకేతం పంపుతుంటాను. పక్కనుంచి పోయే ఎవరి ఫోనో దాన్ని అందుకుని నా జాడను యజమానికి చేరవేస్తుంది. ఆ ఫోను మోస్తున్న మనిషికి ఆ సంగతే తెలియదు.

పోయిన వస్తువులు వెతికిపెట్టడానికి పుట్టాను. దోహాలో ఉండిపోయిన సూట్‌కేసును శంషాబాద్‌లో దిక్కుతోచక నిలబడ్డ యజమానికి చూపించింది నేనే. అందులో వాళ్ల చెల్లెలి పెళ్లి సామాను ఉంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ నన్ను అరచేతిలో పెట్టుకుని మురిసిపోయారు.

ఆ యజమానే ఒక రాత్రి నా మూత విప్పి స్పీకర్ ఊడదీశాడు. యజమానికి దూరంగా ఇంకొకరి వెంట తిరుగుతుంటే కొన్ని గంటలకు కూతపెట్టి నా ఉనికి చెప్పాలి. ఆ గొంతు తీసేసి, తనను వద్దన్న అమ్మాయి స్కూటీ సీటు కింద టేపుతో అంటించాడు.

ఆమె కూకట్‌పల్లి హాస్టల్ నుంచి మాదాపూర్ ఆఫీసుకు వెళ్లేది. టిఫిన్ సెంటర్ దగ్గర ఆగితే అక్కడ అతను. గుడికెళ్తే అక్కడా అతనే. "ఇటుగా వెళ్తుంటే కనిపించావ్" అనేవాడు. హాస్టల్ మారింది. అక్కడికీ వచ్చాడు. కొత్త అడ్రస్ తెలిసింది ఒక్క స్నేహితురాలికే. "నువ్వే చెప్పావు కదూ?" అని నిలదీసింది. ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. సీటు కిందున్న నాకు నోరు లేదు. అప్పుడు 2022. తెలియని ట్రాకర్ వెంట ఉందని ఆండ్రాయిడ్ ఫోన్లు వాటంతటవే హెచ్చరించడం 2023లో గానీ మొదలుకాలేదు.

సర్వీసింగ్‌లో సీటు ఎత్తిన మెకానిక్ వేలికి టేపు తగిలింది. "మేడం, ఇది మీరు పెట్టించుకున్నారా?" అన్నాడు. ఆమె వణికిపోతూ నన్ను నాలాలో పారేయబోతే అతనే ఆపాడు. ఎంత మేలు చేశాడో! నాకు ఫోన్ ఆనిస్తే నా సీరియల్ నంబరు, యజమాని ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు కనిపిస్తాయి. అవే సాక్ష్యం.

ఆ తర్వాత నన్ను కవర్లో పెట్టి సీలు వేశారు. పోలీస్ స్టేషన్ గదిలో తుప్పు కత్తులు, పగిలిన ఫోన్ల మధ్య పడేశారు. బ్యాటరీ అయిపోయింది. సూట్‌కేసు వెతికిపెట్టిన సంగతి ఆ కవరు మీద ఎవరూ రాయలేదు. ఎగ్జిబిట్ నంబరు మాత్రం ఉంది.

భారత శిక్షాస్మృతిలో 2013లో వచ్చిన 354డి సెక్షన్ కింద కేసు కట్టారు. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్లు, మళ్లీ చేస్తే అయిదేళ్ల దాకా జైలు. వద్దంటున్నా స్త్రీ వెంటపడి పదేపదే మాట కలపబోవడం, ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వంటి వాడకం మీద కన్నేయడం నేరమంటుంది. నా యజమాని ఎదురుపడి మాట్లాడాడు కాబట్టి ఆ మాటలకు చిక్కాడు. ఎన్నడూ ఎదురుపడకుండా ఇంట్లో కూర్చుని రోజూ మ్యాప్ చూసుకునేవాడి మాటేమిటి? ఆ సెక్షన్‌లో దాచిన ట్రాకర్ ఊసే లేదు. మగవాడి బండిలో నన్ను దాస్తే ఆ సెక్షన్ అసలే వర్తించదు.

తెలుగువాళ్లు ఎందరో స్థిరపడ్డ కాలిఫోర్నియాలో శిక్షాస్మృతి 637.7 సెక్షన్ సూటిగా మాట్లాడుతుంది: మనిషి జాడ పట్టడానికి ఎలక్ట్రానిక్ ట్రాకర్ వాడటమే నేరం. అలాంటి వాక్యం మనకూ కావాలి. అయితే వాహన యజమాని ఒప్పుకుంటే తప్పులేదని అక్కడొక మినహాయింపు ఉంది. దాన్ని మాత్రం తెచ్చుకోకూడదు. ఇక్కడ ఎందరో ఆడవాళ్లు నడిపే బండ్లు నాన్న పేరునో భర్త పేరునో ఉంటాయి.