సార్, ఇందులో టెక్నికల్ ఏం లేదు!

"సార్, దీనికి టెక్నికల్ నాలెడ్జ్ అక్కర్లేదు. ఫోన్ వాడటం వస్తే చాలు."

కస్టమర్ రిలేషన్‌షిప్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ల తారకమంత్రం ఇది. సరుకును ముద్దుగా సీఆర్ఎం అంటారు. మంత్రంలో అబద్ధమేమీ లేదు. డబ్బు కట్టడానికి నిజంగానే ఏ నాలెడ్జీ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. మిగతా ప్రతి పనికీ కావాలి. ఆ సంగతి రెండో నెలలో గానీ తెలియదు. చందా మాత్రం మొదటి రోజే ఏడాదికి సరిపడా కట్టించుకుంటారు, "డిస్కౌంట్ పోతది సార్" అని.

హైదరాబాద్ అమీర్‌పేటకు వెళ్లి చూడండి. గోడల నిండా కోచింగ్ బోర్డులు. వాటిలో 'సేల్స్‌ఫోర్స్ అడ్మిన్' అని ఒక కోర్సు కనిపిస్తుంది. సేల్స్‌ఫోర్స్ అంటే సీఆర్ఎంలలో పెద్దన్న. దానిలో ఏ గడి ఎక్కడుండాలో, ఎవరికి ఏది కనపడాలో సరిచేసేవాడు అడ్మిన్. అదొక పూర్తిస్థాయి ఉద్యోగం. ఫీజు కట్టి, హాస్టల్లో ఉండి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుంటే గానీ ఇంటర్వ్యూకు పిలవరు. మన సింగరేణి బెల్టు పిల్లలూ ఆ బోర్డుల కిందనే తిరుగుతున్నారు. అంటే కొడుకు అమీర్‌పేటలో నెలల తరబడి నేర్చుకుంటున్న విద్య, మందమర్రిలో దుకాణం నడిపే తండ్రికి మాత్రం అసలు అక్కరే లేదన్నమాట!

ఈ సాఫ్ట్‌వేర్ ఎవరి కోసం పుట్టిందో కూడా తెలుసుకుందాం. 1993లో అమెరికాలో సీబెల్ అనే కంపెనీ వచ్చింది. వందలాది సేల్స్‌మన్లు ఉన్న పెద్ద కంపెనీల జబ్బుకు అది మందు. సేల్స్‌మన్ ఉద్యోగం మానేస్తే, కొనేవాళ్ల వివరాలు కూడా వాడి వెంటే పోతున్నాయి. అలా పోకుండా వాటిని కంప్యూటర్లో పెట్టడమే వైద్యం. 1999లో సేల్స్‌ఫోర్స్ వచ్చి అదే పనిని ఇంటర్నెట్ మీద చందాకు ఇచ్చింది. 2005లో ఒరాకిల్ ఆ సీబెల్‌ను 585 కోట్ల డాలర్లకు కొనేందుకు ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది చెన్నై నుంచి జోహో వాళ్లు తమ సీఆర్ఎం తెచ్చారు. సరుకు మంచిదే, జబ్బూ నిజమే. ఆ జబ్బు మనకు ఉందా అన్నదే ప్రశ్న.

మందమర్రి మార్కెట్లో ఒక దుకాణం ఉందనుకుందాం. కూలర్లు, ఫ్రిజ్‌లు, మంచాలు, బీరువాలు అమ్ముతుంది. యజమానిని ఊరంతా సేటు అంటారు. ఒక గుమాస్తా, ఇద్దరు పోరగాళ్లు, ఒక ఉద్దెర ఖాతా. ఆ ఖాతాలోని పోశం సింగరేణి కేకే-5 బొగ్గు బాయిలో పనిచేస్తాడని సేటుకు తెలుసు. జీతం పడ్డ మర్నాడే వచ్చి కిస్తీ కడతాడు, అడిగితే చిన్నబుచ్చుకుంటాడు. అదే క్వార్టర్ల లైన్లో ఉండే ఇంకొకాయనను జీతం పడ్డ పూటే అడగాలి, తెల్లారితే పైసలుండవు. మూడో ఆయనను అసలు అడగొద్దు, ఆయన భార్యను అడగాలి. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయి దిగిపోతే కొడుకు ఉద్యోగంలోకి వస్తాడు, పాత బాకీ కూడా వాడి పేరుకు మారుతుంది. దానికి కాగితం లేదు, సంతకం లేదు. "బాపు బాకీ నేను కడ్త సేటూ" అన్న మాటే పత్రం.

"ఇదంతా మీ మైండ్‌లో ఉంది సార్, సిస్టమ్‌లో లేదు" అంటాడు అమ్మే పిల్లవాడు, ఏదో ఆపరేషన్ అవసరమని డాక్టర్ చెప్పినంత గంభీరంగా. సేటు భయపడతాడు. సిస్టమ్ వస్తుంది.

మొదటి రోజు ఫారం తెరుచుకుంటుంది. దుకాణంలోకి అడుగుపెట్టిన ప్రతివాడూ ఇకనుంచి కొనేవాడు కాదు, 'లీడ్'. లీడ్ పనిచేసే కంపెనీ ఏది? సింగరేణి. పరిశ్రమ? బొగ్గు. ఉద్యోగుల సంఖ్య? గుమాస్తా కాసేపు ఆలోచించి 40 వేలు అని కొడతాడు. వార్షికాదాయం? వేల కోట్లు. వెబ్‌సైట్? అదీ ఉంది. ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ ఉండదు, ఒక్క గడిలోనూ పనికొచ్చే ముక్క ఉండదు. ఎండాకాలం ఒక కూలర్ ధర అడిగి పోయిన మనిషి, సాఫ్ట్‌వేర్ దృష్టిలో 40 వేల మంది ఉద్యోగులున్న మహాసంస్థ. సాయంత్రానికి డ్యాష్‌బోర్డు మీద పచ్చగీత ఆకాశానికి లేస్తుంది. గల్లా పెట్టెకు మాత్రం ఆ గీత సంగతి తెలియదు.

తర్వాత పేర్లు. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. మన దగ్గర ఇంటిపేరు ముందొస్తుంది, అది ఎవరికీ గుర్తుండదు. ఖాతాలో ఉండేది 'కేకే-5 పోశం'. గుమాస్తా నిజాయితీపరుడు, ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తాడు. పండుగ రోజు పోశం ఫోన్‌కు మెసేజ్: "డియర్ కేకే-5, వి మిస్ యూ." బాయి తనను తలుచుకుంటోందని పోశం అనుకుంటే అది ఆయన తప్పు కాదు.

ఆ మెసేజ్ పోవడం కూడా అంత తేలిక కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వ్యాపార ఎస్సెమ్మెస్ పంపాలంటే ముందు డీఎల్‌టీ అనే వేదికలో సంస్థను నమోదు చేసుకోవాలి. పంపే పేరును, పంపబోయే వాక్యం నమూనాను కూడా అక్కడ ముందే రిజిస్టర్ చేయించుకోవాలి. చెయ్యకపోతే ఎస్సెమ్మెస్ ప్యాక్ కొన్న డబ్బులు పోతాయి, ఎస్సెమ్మెస్‌లు మాత్రం పోవు. ఈ ముక్క అమ్మేరోజు ఎవరూ చెప్పరు. చెబితే "టెక్నికల్ ఏం లేదు" అన్న మాట వెనక్కి తీసుకోవాల్సొస్తుంది.

ఇక ఫాలో అప్. కిస్తీ గుర్తుచెయ్యడానికి పొద్దున పదింటికి ఆటోమేటిక్ కాల్. నైట్ షిఫ్ట్ దిగి అప్పుడే కన్నంటుకున్న మనిషికి మోగుతుంది ఫోన్. ఆయన లేచి ఆ రికార్డింగ్‌ను తిట్టిన తిట్లకు సాఫ్ట్‌వేర్‌లో గడి లేదు. ఫస్ట్ షిఫ్ట్ ఆయనకు చేస్తే అసలు మోగదు, సెల్‌ఫోన్ బాయిలకు తీసుకపోనియ్యరు. మూడుసార్లు ఎత్తకపోయేసరికి సిస్టమ్ ఆయన పేరు పక్కన 'ఆసక్తి లేదు' అని రాసుకుంటుంది. ఇరవై ఏళ్లుగా అదే దుకాణంలో కొంటున్న మనిషి, భూమి లోపల పనిలో ఉన్నందుకు ఆసక్తి లేనివాడైపోయాడు.

తండ్రీకొడుకుల సంగతైతే ఇంకా విచిత్రం. తండ్రి దిగిపోయి, క్వార్టర్ ఖాళీ చేసి, నంబర్ మార్చాడు. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆయన చేజారిన కస్టమర్. కొడుకు కొత్త లీడ్, అదీ 'కోల్డ్'. తండ్రి పెళ్లికి మంచం, కొడుకు పుట్టినప్పుడు ఉయ్యాల, బడికి పోయేటప్పుడు సైకిల్ ఇచ్చిన దుకాణం, ఆ పిల్లవాణ్ణి ఇప్పుడు పరిచయం చేసుకోవాలట!

ముందస్తు అంచనాల కోసం ఏఐ కూడా ఉంది, దానికి వేరే చందా. ఏ నెలలో గిరాకీ ఎక్కువో చెబుతుంది. మందమర్రిలో ఆ సంగతి టీ కొట్టు పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. 2024లో సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా 33 శాతమన్నారు. మొత్తం 796 కోట్లు, మనిషికి సగటున సుమారు 1.90 లక్షలు. దసరా ముందు అది ఖాతాల్లో పడుతుందని తెలిశాక బజారులో ఎవరికి జోస్యం కావాలి?

సరిగ్గా ఆ దసరా గిరాకీలోనే సీఆర్ఎం కథ ముగుస్తుంది. గుమాస్తా పగలు ఖాతాలో రాస్తాడు, రాత్రి అదే మళ్లీ సిస్టమ్‌లో ఎక్కించాలి. పని రెట్టింపు, జీతం పాతదే. రద్దీలో ఒకరోజు మానేస్తాడు, తర్వాత వారం, తర్వాత శాశ్వతంగా. దీపావళి పోయి సంక్రాంతి వచ్చినా సాఫ్ట్‌వేర్‌లో ఇంకా దసరానే నడుస్తుంటుంది. పాస్‌వర్డ్ గోడ క్యాలెండర్ మీద రాసి ఉంటుంది, క్యాలెండర్ మార్చినప్పుడు అదీ పోతుంది. సేటు మళ్లీ ఖాతా తెరుస్తాడు. చందా గడువు దగ్గరపడిందని ఫోన్ మాత్రం తప్పకుండా వస్తుంది. ఆ కంపెనీకి ఫాలో అప్ బాగా తెలుసు.

అలాగని కంప్యూటర్ వద్దని ఎవరంటారు? ఖాతాబుక్, ఓకేక్రెడిట్ లాంటి యాప్‌లను చిన్న దుకాణాలు ఎంత సులువుగా అలవాటు చేసుకున్నాయో చూశాం. అవి తెలుగులో మాట్లాడాయి. ఎవరు ఎంత ఇవ్వాలన్న ఒక్క ప్రశ్నే అడిగాయి. మనిషి వార్షికాదాయం అడగలేదు. మరోవైపు సింగరేణిలో శాప్ అనే భారీ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. దాని వెనక ఐటీ విభాగం ఉంది, శిక్షణ ఉంది, బడ్జెట్ ఉంది. ఈ రెంటికీ మధ్య, ఐటీ విభాగం లేకుండా శాప్ వైభవం కావాలనే చోటే చిన్న వ్యాపారి జేబు ఖాళీ అవుతోంది. రెండు మూడు బ్రాంచీలున్నా, వారంటీ ఫిర్యాదులు వందల్లో వస్తున్నా సీఆర్ఎం నిజంగానే అక్కరకొస్తుంది. కానీ కొనేవాళ్ల గురించి ఏ సంగతి గుర్తుంచుకోవాలో తేల్చుకోవడం, దాన్ని రోజూ తప్పకుండా రాయడం కూడా విద్యే. ఆ విద్య ఏ చందాలోనూ కలిపి ఇవ్వరు.

ఇంకో మాట. ఉద్దెర ఖాతా పోతే సేటుకే నష్టం. వేలమంది ఫోన్ నంబర్లు, బాకీలు ఆన్‌లైన్‌లో బయటపడితే నష్టం వాళ్లందరిది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ బాధ్యతను సమాచారం సేకరించి వాడుకునే వ్యాపారి మీదనే పెట్టింది. "టెక్నికల్ ఏం లేదన్నారు సార్" అంటే ఆ చట్టం కింద విచారించే డేటా రక్షణ బోర్డు ముందు నడవదు.

కాబట్టి ఈసారి సూటు వేసుకుని ఎవరైనా దుకాణానికొస్తే చాయ్ పోసి నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది తెలుగులో నడుస్తుందా? రోజూ ఎవరు ఎక్కించాలి, ఆ గంటకు జీతం ఎవరిస్తారు? చెడిపోతే మందమర్రికి మనిషి వస్తాడా, టికెట్ నంబరే వస్తుందా? చందా ఆపిన రోజు నా ఖాతాదారుల వివరాలన్నీ ఎక్సెల్ ఫైల్‌గా నా చేతికిస్తారా? నాలుగింటికీ కాగితం మీద జవాబు రాసిస్తే కొనండి. "అదేం టెక్నికల్ కాదు సార్" అని నవ్వితే, ఆ ఏడాది చందా సొమ్ము మీ గుమాస్తా జీతంలో కలపండి. మీ దుకాణానికి అసలు సీఆర్ఎం వాడే.