అంతా వేడే!

తెలుగిళ్లలో రోగం కనిపెట్టడానికి స్కానింగులు అక్కర్లేదు. నోట్లో పుండు లేస్తే వేడి. మూత్రం ఎర్రగా వస్తే వేడి. విరేచనంలో రక్తం పడితే అదీ వేడే, కాకపోతే ఆదివారం తిన్న నాటుకోడి తాలూకు వేడి. ముట్లుడిగిన పదేళ్లకు మళ్లీ రక్తం కనిపిస్తే, ‘బొప్పాయి గానీ తిన్నావా వదినా?’ అని పక్కింటి విచారణ. రోగం ఒకటే గనుక మందూ ఒకటే: బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, సగ్గుబియ్యం జావ, పలచటి మజ్జిగ. ఫీజు లేదు, టోకెన్ లేదు.

ఈ వైద్యానికి ఇంత పేరు ఊరికే రాలేదు. పనిచేసినట్టే కనిపిస్తుంది మరి! మూత్రాశయ క్యాన్సర్ సంగతే చూడండి. చాలామందిలో దాని తొలి గుర్తు, నొప్పీ మంటా లేకుండా మూత్రంలో రక్తం పడటం. ఆ రక్తం ఒకటి రెండు రోజులు కనబడి దానంతటదే ఆగిపోవచ్చు. మళ్లీ వారాలో నెలలో గడిచాక పడుతుంది. ఈలోగా పేరు బార్లీకి, గడువు కణితికి. రెండోసారి పడితే ‘మళ్లీ వేడి చేసిందిరా’ అంటూ ఇంకో గ్లాసు.

మామూలు నోటిపూతా అంతే. వారం, పది రోజుల్లో తనే మానిపోతుంది. పేరేమో మందుల షాపువాడిచ్చిన బీకాంప్లెక్స్ మాత్రకు. రెండు మూడు వారాలైనా మానని పుండును, గీకినా పోని తెల్లమచ్చను, ఎర్రమచ్చను డాక్టరు చూడాలని అక్కడ చెప్పే నాథుడుండడు. చెబితే రెండో స్ట్రిప్పు ఎలా అమ్ముడవుతుంది?

విరేచనంలో రక్తం దగ్గర మాత్రం వేడికి ఒక పోటీదారుంది: మొలలు. చాలామందిలో అది నిజమే కూడా. కానీ మొలలున్నవాడి పెద్దపేగులో కణితి పుట్టకూడదని చట్టమేదీ లేదు. రెండూ ఒకే ఒంట్లో ఉండొచ్చు. విరేచనం తీరు మారి, కారణం లేకుండా బరువు తగ్గి, రక్తహీనత బయటపడ్డా కొందరు గోడ మీద ‘ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం’ అని రాసిన ఫోన్ నంబరునే నమ్ముకుంటారు.

అన్నిటినీ మించిన విచిత్రం ఉత్తరాంధ్రలో ఉంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, అడ్డపొగ పాత అలవాటు. చుట్టను తిరగేసి, మండే కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. దానివల్ల అంగిలి మీద వచ్చే మచ్చలను, క్యాన్సర్లను పరిశోధకులు 1960లలోనే పల్లెలు తిరిగి చూసి నమోదు చేశారు. మన వేడిశాస్త్రంలో మామిడిపండు వేడి, కోడిగుడ్డు వేడి. నోట్లో నిప్పు మాత్రం వేడి కాదు!

ఇదంతా పెద్ద యంత్రాలుంటే తప్ప తేలని వ్యవహారమా అంటే, అదీ కాదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి, నోరు తెరిపించి కంటితో చూశారు. అనుమానం వచ్చినవాళ్లను డాక్టర్ల దగ్గరికి పంపారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడోవంతు తగ్గాయని 2005లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది.

ముప్పై దాటినవాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. ఆశా కార్యకర్త గుమ్మంలోకొచ్చి అడిగితే వచ్చే జవాబు: ‘మాకేం నొప్పి లేదమ్మా, బాగానే ఉన్నాం.’ రొమ్ములో క్యాన్సర్ గడ్డ కూడా మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. అదీ బాగానే ఉంటుంది.

పరీక్షకు వెళ్లినవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ కాదనే తేలుతుంది. ఇన్ఫెక్షనో, రాయో, నిజంగా మొలలో బయటపడితే వాటికీ మందులున్నాయి. ఇక బార్లీ భక్తులు బెంగపడనక్కర్లేదు. సీసా నిండా పోసుకుని ఆస్పత్రికి తెచ్చుకోవచ్చు. మూత్రాశయానికి అల్ట్రాసౌండ్ తీసేముందు కడుపునిండా నీళ్లు తాగి రమ్మని వాళ్లెలాగూ చెబుతారు.