నాలుగో స్తంభానికి పీజీ సీటు

డిగ్రీ పాసై ఏం చేయాలో పాలుపోని పిల్లల కోసం మన విశ్వవిద్యాలయాలు చేసిన ఏర్పాట్లన్నిటిలోకీ దయగలది జర్నలిజం పీజీ. ఎంఎస్సీ కెమిస్ట్రీలో చేరాలంటే డిగ్రీలో కెమిస్ట్రీ చదివి ఉండాలి. జర్నలిజానికి అలాంటి పట్టింపుల్లేవు. బీకామ్ వాడు రావచ్చు, బీటెక్ వాడు రావచ్చు, నాలుగేళ్లు బీఫార్మసీ వెలగబెట్టి మందుల షాపు పెట్టడానికి మనసొప్పని వాడూ రావచ్చు. ఇదివరకే ఒక పీజీ పూర్తిచేసి, గ్రూప్-2 నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ, గది ఖాళీ చెయ్యమని వార్డెన్ చేత చీవాట్లు తింటున్న హాస్టల్ వాసి అయితే మరీ మంచిది. రెండో పీజీ, అదే గది, అదే మెస్సు. పందొమ్మిదో అధికరణం చెప్పేటప్పుడు క్లాసు క్లాసంతా చెవులు రిక్కించి వింటోందంటే అది పత్రికా స్వేచ్ఛ మీద మమకారం అనుకుని మేస్టారు పొంగిపోకూడదు. ఆ అధికరణం గ్రూప్స్ సిలబస్‌లో కూడా ఉంది.

ఈ చదువు నిన్నమొన్నటిది కాదు. 1941లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో మొదలై, దేశ విభజన తరవాత కాందిశీకులతో పాటు ఢిల్లీ చేరింది. మనకి 1954లో ఉస్మానియాలో వచ్చింది. డిగ్రీ తరవాత ఒక ఏడాది బీసీజే, ఇంకో ఏడాది ఎంసీజే అని రెండు విడతలుగా చదివినవాళ్లు ఇప్పటికీ డెస్కుల్లో తగులుతుంటారు. అంతకుముందు వాళ్ల సంగతి అడక్కండి. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం అమ్మి ఆ డబ్బు పత్రికలో పోశారు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి చదివింది లా. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయాలు రాయడానికి ఎవరి దగ్గరా ఇంటర్న్‌షిప్ చేయలేదు. అప్పటికి ఎంసీజే లేదు కాబట్టి వాళ్లని క్షమించి వదిలేద్దాం.

సిలబస్ దండగ అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. అందులో ఉన్న సిద్ధాంతాలన్నీ మన కళ్లముందు రోజూ నిజమవుతున్నవే. చదివేవాడు ఒకడు, వాడుకునేవాడు ఇంకొకడు, అంతే తేడా.

హెరాల్డ్ లాస్‌వెల్ అనే ఆయన 1948లో సమాచార ప్రక్రియనంతా అయిదు ప్రశ్నల్లోకి కుదించాడు. ఎవరు చెబుతున్నారు, ఏం చెబుతున్నారు, దేని ద్వారా, ఎవరికి, దాని ప్రభావమేమిటి. మన విద్యార్థి అయిదింటికీ అయిదు పేజీలు రాసి పది మార్కులకి ఆరు తెచ్చుకుంటాడు. చానల్ యజమాని మొదటి ప్రశ్న దగ్గరే పేపరు మడిచి ఇచ్చేస్తాడు. ఎవరు అన్నది తేలితే, ఏం చెప్పాలో ఆయన వియ్యంకుడికి కూడా తెలుసు.

1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మెకూంబ్స్, షా అనే ఇద్దరు ఆచార్యులు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని నూరుమందిని పట్టుకుని ప్రశ్నలడిగారు. పత్రికలు దేన్ని పెద్ద చేసి చూపిస్తే జనమూ దాన్నే పెద్ద సమస్య అనుకుంటారని తేల్చి, 1972లో అచ్చువేశారు. అజెండా సెట్టింగ్ అంటే అదే. మన దగ్గర ఆ పరిశోధన నడవదు. తేల్చుకోని నూరుమంది ఎక్కడ దొరుకుతారు? పొద్దున్నే గుమ్మంలో పడ్డ పేపరేదో చూసి ఆ ఇంటి ఓటెటో పాలపాకెట్లు వేసే కుర్రాడు చెప్పేస్తాడు. ఎవరింట్లోనైనా రెండు రకాల పేపర్లు పడుతున్నాయంటే అది తటస్థత అనుకునేరు. ఆయన రిటైరైన తహసీల్దారు, కొడుకు కాంట్రాక్టరు.

గేట్‌కీపింగ్ అని ఇంకోటుంది. డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు ఒక పత్రికలో ఏజెన్సీ వార్తలు చూసే ఎడిటరుకి 'మిస్టర్ గేట్స్' అని మారుపేరు పెట్టి, వారం రోజుల పాటు ఆయన దేన్ని వాడాడో, దేన్ని పారేశాడో లెక్క తీశాడు. పదింట తొమ్మిది వంతులు చెత్తబుట్టలోకే పోయాయి. ఆ ఎంపికలో ఆయన సొంత ఇష్టాయిష్టాల పాత్ర తక్కువదేం కాదని 1950లో రాశాడు. మన సబ్ ఎడిటరుకి అంత స్వాతంత్ర్యం ఎక్కడిది! రాత్రి తొమ్మిదింటికి నగల దుకాణం వాళ్ల అరపేజీ యాడ్ దిగితే వార్తలు వాటంతట అవే ఎగిరిపోతాయి. ఇక మౌనవలయం సంగతి. తన అభిప్రాయం నలుగురికీ నచ్చేది కాదని తోస్తే మనిషి నోరు మెదపడు అని 1974లో ఒక జర్మన్ ఆచార్యురాలు చెప్పింది. దీన్ని పుస్తకంలో చదివి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఏ ఎడిటోరియల్ మీటింగులోనైనా అరగంట కూర్చుంటే చాలు.

ఆఖరి సెమిస్టర్లో డిసర్టేషన్. 'యువతపై సామాజిక మాధ్యమాల ప్రభావం: ఒక అధ్యయనం' అనేది కులమతాలకతీతంగా అందరికీ అచ్చొచ్చిన టాపిక్కు. చివర 'ఒక అధ్యయనం' లేకపోతే గైడ్ సంతకం పెట్టడు. నూరుమంది చేత ప్రశ్నావళి నింపించాలి. హాస్టల్ గదిలో చాప పరిచి, నూరు కాగితాలూ మధ్యలో పోసుకుని, ముగ్గురు కూర్చుంటే రాత్రి రెండింటికి యువత అభిప్రాయం తేలిపోతుంది. నీలం పెన్ను, నల్ల పెన్ను, ఒక జెల్ పెన్ను. చేతిరాత మారాలని ఒకడు ఎడంచేత్తో రాస్తుంటాడు.

"ఆడపిల్లలు తక్కువ పడ్డార్రా."

"ఈ కట్ట మొత్తం ఆడపిల్లలే. రోజుకి ఎన్ని గంటలు ఫోన్ చూస్తారూ అనడిగాడు, ఎంతెయ్యను?"

"నాలుగు దాటనీకు. పై చార్టులో ముక్క పెద్దదైతే సార్‌కి అనుమానమొస్తుంది."

ఎగ్జిట్ పోల్స్ ఎందుకలా వస్తాయో అర్థంకాక తలపట్టుకునేవాళ్లు ఒకసారి ఆ చాప చుట్టుపక్కలకి వెళ్లి రావాలి. ఇంత కష్టమూ పడలేనివాడికి యూనివర్సిటీ గేటు పక్కన జిరాక్స్ సెంటరుంది. అన్ని డిసర్టేషన్లకీ అసలు గైడ్ ఆ సెంటరతనే. పాతవన్నీ అతని కంప్యూటర్లో భద్రంగా ఉంటాయి. "నిరుడు ఇదే టాపిక్ ఒకమ్మాయి చేసిందన్నా. అట్ట మీద పేరు మార్చేస్తే బైండింగుకి వెళ్లిపోవచ్చు. కృతజ్ఞతల్లో వాళ్ల నాన్నగారి పేరుంది, అదొక్కటి చూసుకో" అని హెచ్చరించేంత నిజాయితీ కూడా ఉంది. వార్తని అచ్చుకి ముందు మరోసారి సరిచూసుకోవాలన్న పాఠం ఈ రెండేళ్లలో ఒకే ఒక్కసారి ఆచరణలోకి వచ్చేది అక్కడే.

మీడియా చట్టాల పేపరు అన్నిటికన్నా భారమైనది, ఎందుకంటే దాన్ని నమ్మేవాళ్లుంటారు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ప్రకారం ఎవరి ముఖ్యవృత్తి జర్నలిజమో వాళ్లే వర్కింగ్ జర్నలిస్టులు. జీతాల మీద మజీథియా వేజ్‌బోర్డు చేసిన సిఫార్సులను కేంద్రం 2011లో నోటిఫై చేసింది, 2014లో సుప్రీంకోర్టు సమర్థించింది. 2020లో తెచ్చిన లేబర్ కోడ్‌లలో ఆ చట్టాన్నే కలిపేశారు. ఇదంతా వరసగా రాసిన కుర్రాడికి పదికి ఎనిమిది వస్తాయి. ఆ ఎనిమిది మార్కులవాడు మండలానికి కంట్రిబ్యూటర్‌గా వెళితే మొదట రాయించుకునే కాగితం ఏమిటయ్యా అంటే, నా ముఖ్యవృత్తి వ్యవసాయం, తీరిక వేళల్లో పత్రికకి వార్తలు పంపుతుంటాను అని. పొలం ఏ సర్వే నంబర్లో ఉందని ఎవరూ అడగరు. పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటి దాకా ప్రమాదం, పంచాయతీ, ప్రెస్‌మీట్ అని తిరిగేదంతా తీరిక కిందే లెక్క. జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది, అదీ ఐటెం అచ్చయితేనే. పెట్రోలు ఆ పొలంలో పండించుకోవాలి.

ఆగస్టు 15 దగ్గరపడేసరికి డెస్కు నుంచి ఫోన్ రాదు, యాడ్స్ విభాగం నుంచి వస్తుంది. మండలానికి ఇంత అని టార్గెట్. పొద్దున 'మురుగులో మగ్గుతున్న ఊరు, పట్టించుకోని పంచాయతీ' అని మూడు కాలాల ఐటెం పడింది. సాయంత్రం అది రాసినవాడే సర్పంచ్‌గారి అరుగు మీద ఉన్నాడు.

"ఏం తమ్ముడూ, పొద్దున్నే మురుగంతా మా మొహాన చల్లావు."

"అది వార్తండీ."

"మరిప్పుడు దేనికొచ్చావ్?"

"స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలండీ. పావు పేజీ, కలరు. పైన ఎమ్మెల్యేగారు, కింద మీరు, పక్కన వార్డు మెంబర్లు స్టాంపు సైజులో."

"తీసుకున్నాక మళ్లీ మురుగు రాయవుగా?"

"పావు పేజీ ఇచ్చిన ఊళ్లో మురుగెందుకుంటుందండీ!"

సంపాదక విభాగానికీ ప్రకటనల విభాగానికీ మధ్య గోడ ఉండాలని మీడియా మేనేజ్‌మెంట్ పేపర్లో చెబుతారు. మండలంలో ఆ గోడకి ఇటూ అటూ నిలబడేది ఒక్క మనిషే. అతన్ని చూసి నవ్వే హక్కు హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని ఆ టార్గెట్ వేసినాయనకి లేదు. నాకూ లేదనుకోండి, కాలమ్ కాబట్టి నవ్వుతున్నాను.

ఎడిటింగ్ పేపరుకి మంచి ఉదాహరణ లేదని బాధపడే అధ్యాపకులకి నాదొక సూచన. 2009 ఎన్నికల తరవాత డబ్బులు తీసుకుని వార్తల్లా వేసే ప్రచారం మీద భారత ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి కలిసి 71 పేజీల నివేదిక ఇచ్చారు. ఏయే పత్రికల మీద ఆరోపణలొచ్చాయో పేర్లతో సహా రాశారు. కౌన్సిల్ 2010లో దాన్ని గుప్పెడు పేజీలకి కుదించి, పేర్లు తీసేసి విడుదల చేసింది. అసలు నివేదిక బయటపడటానికి కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది, 2011లో. వార్తలో ముఖ్యమైన సంగతి ముందు చెప్పి, అప్రధానమైనది కింది నుంచి కత్తిరించాలని ఇన్వర్టెడ్ పిరమిడ్ పాఠం. ఇక్కడ ఆ పిరమిడ్‌ని మళ్లీ తిరగేశారు, ముఖ్యమైనదే పోయింది. ఈ మాట ఏ ప్రశ్నపత్రంలోనూ రాదు. 'పెయిడ్ న్యూస్ ప్రజాస్వామ్యానికి ముప్పు: చర్చించండి' అని మాత్రం ఏటా వస్తుంది. పిల్లలు చర్చిస్తారు. బయటికొచ్చాక దాన్ని ప్యాకేజీ అంటారని తెలుసుకుంటారు.

వృత్తిలో నిజంగా చర్చకొచ్చే విషయాలు సిలబస్‌లో ఎందుకు లేవో నాకు బోధపడదు. అక్రిడిటేషన్ కార్డు మీద ఒక యూనిట్ ఉండాలి. బస్ పాస్, హెల్త్ కార్డు కలిపి ఇంకోటి. ఇళ్ల స్థలాల మీద ఏకంగా ఒక పేపరే ఉండాలి, నూరు మార్కులకి. ప్రాక్టికల్స్ కూడా పెట్టవచ్చు. హైదరాబాద్ మహానగర పరిధిలో ఎంపీలు, ఎమ్మెల్యేలు, అఖిల భారత సర్వీసుల అధికారులు, న్యాయమూర్తులు, జర్నలిస్టుల హౌసింగ్ సొసైటీలకి భూములిచ్చిన ఉత్తర్వులను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రజాస్వామ్యానికి నాలుగు స్తంభాలని మనం చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. నాలుగూ ఒకే వరసలో పాతుకోబోయింది మాత్రం ఆ ఉత్తర్వుల్లోనే. ఉన్నదంతా ఊడ్చి సొసైటీకి కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన చిరుజీతగాళ్లు అందులో బోలెడు మంది ఉన్నారు, వాళ్ల కడుపుకోత వేరే సంగతి. అయినా శాసన, కార్యనిర్వాహక, న్యాయ వ్యవస్థల మీద ఓ కన్నేసి ఉంచవలసినవాడు ప్లాట్ల వరసలో వాళ్ల వెనకే దరఖాస్తు పట్టుకుని నిలబడితే, ఆ కన్ను దేని మీద ఉంటుందో లాస్‌వెల్ కూడా ఆరో ప్రశ్నగా అడగలేదు.

ఇంతకీ చదివినవాళ్లంతా ఏమవుతున్నారని కదా మీ సందేహం. కొందరికి గ్రూప్స్ వచ్చేస్తుంది, వాళ్లు పత్రికల వాళ్లని గుమ్మం బయట నిలబెట్టే స్థాయికి ఎదుగుతారు. కొందరు ఆస్పత్రుల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో పీఆర్వోలవుతారు. కొందరు ఒక గన్ మైకు, ఒక లోగో కొనుక్కుని యూట్యూబ్ చానల్ పెడతారు, దానికి పీజీ ఎందుకురా అని ఇంట్లో వాళ్లు అడుగుతూనే ఉంటారు. మిగతావాళ్లలో చురుకైనవాళ్లని మాత్రం పార్టీల సోషల్ మీడియా విభాగాలు వెతికి మరీ పట్టుకుపోతున్నాయి. అజెండా సెట్టింగ్ అంటే ఏమిటో వివరించకుండానే అర్థం చేసుకునే మనుషులు వాళ్లకి కావాలి. జీతం కూడా నెల మొదటి తారీకునే పడుతుందట. అక్కడ ఇంటర్వ్యూలు కూడా మన సిలబస్ నుంచే జరుగుతున్నాయని విన్నాను.

"ఫేక్ న్యూస్ గుర్తుపట్టడం వచ్చా?"

"వచ్చండీ. ఫ్యాక్ట్ చెకింగ్ మాకు ఒక పేపరే ఉంది. ఫొటో పాతదా కొత్తదా, వీడియో ఎక్కడిది, ఎవరు మొదట పెట్టారు, అన్నీ పట్టేస్తాం."

"మార్కులెన్ని?"

"ఎనభై రెండండీ."

"బాగుంది. అయితే ఆ ఎనభై రెండూ వచ్చినవాళ్లు కూడా పట్టుకోలేనట్టు ఒకటి తయారుచేసి సాయంత్రంలోగా పంపించు, చూద్దాం."