ప్రాణం కొంటే మూత ఉచితం

స్టీలు గిన్నెల కాలం పోయింది. పెన్సిల్ బాక్సులు, స్కెచ్ పెన్నులు, తాళం తిప్పితే గంతులేసే కోతి బొమ్మలు కూడా పోయాయి. పుట్టినరోజు కేకు తిని బయల్దేరే పిల్లల చేతుల్లో ఇప్పుడు తలా ఒక గాజు సీసా పెడుతున్నారు. అడుగున గుప్పెడు నీలం గులకరాళ్లు, మధ్యలో ఒక ప్లాస్టిక్ మొక్క, దాని వెనక నక్కి ఒక నియాన్ టెట్రా. సీసా మెడకి శాటిన్ రిబ్బను. రిబ్బనుకి వేలాడే చీటీ మీద బుల్లి హీరోగారి ఫొటో, కింద 'మా ఆనందాన్ని మీ ఇంటికి తీసుకెళ్లండి' అని బంగారు అక్షరాలు.

ఆదివారం తీసుకెళ్లిన ఆనందం బుధవారానికి వెల్లకిలా తేలుతోంది.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకావిడ అడిగారు: "ఫిష్ పక్కకి ఒరిగి పడుకుంది, నిద్రపోతోందా అండీ?" ఆ జవాబులు చూసి తీరాలి. చిటికెడు పసుపు వేయమని ఒకరు. కల్లుప్పు వేయమని ఇంకొకరు. సీసాని ఈశాన్యానికి జరపమని మూడో అంతస్తు పెద్దాయన. ఇంటి మీద పడాల్సిన దిష్టిని అది లాక్కుందని, కాబట్టి పోయినా మంచిదేనని మరో జ్ఞాని. చెడిపోతేనే పనిచేసినట్టు లెక్క కట్టే సరుకు ఈ భూమ్మీద ఇదొక్కటే అయ్యుంటుంది. గ్యారంటీ కార్డు కూడా అక్కర్లేదు. చివర్లో ఎవరో పిల్ల వాళ్లమ్మ ఫోన్లోంచి పెట్టిన మెసేజి: "ఆంటీ, మాది కూడా చచ్చిపోయింది. మమ్మీ ఫ్లష్ చేసేసింది."

గ్రూపు మొత్తంలో నిజం చెప్పింది ఆ పిల్లే.

ఈ సరుకు అమ్మేవాళ్ల మాటలు మీరూ వినే ఉంటారు. ఫిల్టర్ అక్కర్లేదు, జీరో మెయింటెనెన్స్. పిల్లలకి బాధ్యత అలవడుతుంది. ఫోను పిచ్చి తగ్గుతుంది. ప్రకృతి డ్రాయింగ్ రూములోకి నడిచొస్తుంది. ఇవన్నీ వదిలేస్తాను. నాకు ఒళ్లు మండేది ఒక్క విషయానికి. సీసాకి ఒక చేప. ఆ 'ఒక' దగ్గరే.

ఒకటే ఎందుకయ్యా అని దుకాణంలో అడిగాను. "ఒక్కటైతే కొట్టుకోవు సార్" అన్నాడు. ఎంత చక్కటి తర్కం! ఊరంతా ఖాళీ చేయించి ఒక్కణ్నే ఉంచితే గట్టు తగాదాలూ ఉండవు, పోలీస్ స్టేషనూ అక్కర్లేదు. నగర మాస్టర్ ప్లాన్‌కి ఈయన్ని సలహాదారుగా వేసుకోవచ్చు.

తను అమ్ముతున్నదేమిటో ఆయనకి తెలీదు, కొనేవాళ్లకి అంతకన్నా తెలీదు. నియాన్ టెట్రాది అమెజాన్ పరీవాహకం. రాలిన ఆకులు నాని డికాక్షన్ రంగుకి తిరిగిన వాగు నీళ్లు, పైన అడవి నీడ. 1936లో జార్జి మైయర్స్ అనే శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఒళ్లంతా కలిపి మూడు సెంటీమీటర్లు. విషం లేదు, కాటేసే కోర లేదు. దానికున్న ఆయుధం పక్క చేప. ఆ పక్క చేపకున్న ఆయుధం దాని పక్క చేప. వంద చేపలు ఒక్కసారిగా మలుపు తిరిగితే వేటకొచ్చిన పెద్ద చేపకి దేన్ని పట్టాలో పాలుపోదు. బతకడానికి దానికి తెలిసిన విద్య అదొక్కటే. అది ఒంటరిగా చేసే విద్య కాదు.

పక్కనున్నవాడు కదిలితే నీళ్లలో పుట్టే చిన్న ఒత్తిడిని పసిగట్టడానికి చేప ఒంటికి రెండు పక్కలా పార్శ్వరేఖ అనే ఏర్పాటు ఉంటుంది. 1980లో పార్ట్రిడ్జ్, పిచర్ అనే ఇద్దరు పరిశోధకులు సెయిత్ అనే సముద్రపు చేపలకి కళ్లు కనపడకుండా తాత్కాలికంగా మూతలు పెట్టి చూశారు. అయినా అవి గుంపుతో కలిసే ఈదాయి. కళ్లు మూసినా అవి తోడు వదల్లేదు. అలాంటి గుంపు జాతి చేపని తెచ్చి మనం కళ్లు తెరిపించే ఉంచాం, తోడు తీసేశాం. ఇప్పుడు దానికి కనపడేది సీసా గాజులో దాని మొహమే.

పంట కాలువ రేవు మెట్ల మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టినవాళ్లకి ఇది ఏ పరిశోధకుడూ చెప్పక్కర్లేదు. కాసేపు కదలకుండా ఉంటే పరిగెలు వస్తాయి. ముందు నాలుగైదు, ఆ వెనక నలభై. బొటనవేలి చుట్టూ మూగి చర్మాన్ని చిన్నగా గిల్లుతాయి. వేలు కాస్త కదిపితే చాలు, ఒక్క తళుకు తళుక్కుమని గుంపు గుంపంతా మాయం. మీరు ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ ప్రత్యక్షం. అందులో మొదట గిల్లిన పరిగె ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. చూడ్డానికి బాగుండేది ఆ మలుపు. పిల్లలు కేరింతలు కొట్టేది ఆ మలుపుకి. అది ఒక్క చేపలో ఉండదు కాబట్టి సీసాలో పెట్టి అమ్మడం కుదరదు. అందుకని చేపని అమ్ముతున్నారు.

గుంపు పోయిన టెట్రా ఏం చేస్తుంది? ప్లాస్టిక్ మొక్క వెనక నక్కుతుంది. ఆ మెరిసే నీలం గీత వెలవెలబోతుంది. తిండి వేస్తే ముట్టదు. తోటివాళ్లెవరూ కనపడకపోవడమంటే అడవి వాగులో ఒకటే అర్థం: ముప్పు దగ్గర్లోనే ఉంది. ఆ భయంతో బిగుసుకుపోయిన చేపని చూసి ఇంట్లోవాళ్లు "ఎంత ప్రశాంతంగా ఉందో!" అని మురిసిపోతారు. కరెంటు పోయి ఆగిన లిఫ్టులో మూల ముడుచుకుని కూర్చున్న పిల్లాణ్ని చూసి, ఎంత బుద్ధిమంతుడో అన్నట్టు.

పైగా పేరొకటి, 'నీమో'. నీమో సముద్రపు చేప అని తెలియకపోతే పోనీ, మా వీధి కుక్క పేరు కూడా టైగరే. కానీ ఆ పేరున్న సినిమా కథేమిటి? ఒక డాక్టరుగారి అక్వేరియంలో ఇరుక్కున్న పిల్ల చేప కోసం తండ్రి సముద్రమంతా వెతుక్కుంటూ రావడం. దానికి ముక్కు చీదుకుంటూ ఏడ్చిన పిల్లాడి చేతికే సీసా అందించి, దీనికి నీమో అని పేరు పెట్టుకో నాన్నా అంటున్నాం.

ఇక ఆఫీసులు. 'టీమ్ బిల్డింగ్ వీక్' సందర్భంగా ప్రతి డెస్కుకీ ఒక 'డెస్క్ బడ్డీ' ఇస్తున్నట్టు ఒక హెచ్చార్ విభాగం పంపిన మెయిలు మా మేనల్లుడు నాకు ఫార్వర్డ్ చేశాడు. కలిసి పనిచేయడం ఎలాగో నేర్పడానికి, కలిసి తప్ప బతకలేని జీవిని విడదీసి క్యూబికల్‌కి ఒకటి చొప్పున పంచారన్నమాట. శుక్రవారం సాయంత్రం అందరూ ఇళ్లకి పోయారు, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. చేపకి రెప్పలుండవు. సోమవారం పొద్దున సీసాలు ఏరింది హౌస్‌కీపింగ్ ఆవిడ. హెచ్చార్ వాళ్లకి వేరే మీటింగ్ ఉంది.

ఆ మెయిల్లో చేపల్ని చూస్తే ఒత్తిడి తగ్గుతుందని 'శాస్త్రీయంగా రుజువైంది' అని కూడా రాశారు. రుజువైంది, కాదనను. ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో నేషనల్ మెరైన్ అక్వేరియం ఉంది. అక్కడి తొట్టి ముందు నిలబడ్డవాళ్ల గుండె వేగం, రక్తపోటు తగ్గాయని 2015లో పరిశోధన వెలువడింది. ఆ తొట్టి ఐదున్నర లక్షల లీటర్లది. లోపల చేపలు పెరిగినకొద్దీ జనం ఎక్కువసేపు నిలబడి చూశారని కూడా అందులోనే ఉంది. మన డెస్క్ బడ్డీ సీసా లీటరున్నర. మూడున్నర లక్షలకి పైగా సీసాలు పేరిస్తే గానీ ఆ తొట్టికి సమానం కాదు. అంతమంది ఉద్యోగులుంటే తప్పకుండా పంచండి.

సరే, చేప ఎందుకు చచ్చిపోతోంది? దిష్టి వల్ల కాదు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. వాగులో అయితే అది కొట్టుకుపోతుంది. తొట్టిలో అయితే దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరగాలి. అందుకు నెల, నెలన్నర పడుతుంది. లీటరున్నర సీసాలో ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకునే ఫిల్టరూ లేదు, అంత వ్యవధీ లేదు. నీళ్లలో క్షారగుణం, వేడి పెరిగినకొద్దీ అమ్మోనియా మరింత విషమవుతుంది. మన బోరు నీళ్లెలాంటివో, మన ఎండలెలాంటివో నేను చెప్పాలా? తన విసర్జనలోనే చేప మొప్పలు దెబ్బతింటాయి. పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం గుటకలేస్తుంది. "మమ్మీ, ముద్దులు పెడుతోంది!" అని పిల్లాడు వీడియో తీస్తాడు. మమ్మీ దాన్ని స్టేటస్‌లో పెడుతుంది. అందరం గుండె బొమ్మలు నొక్కుతాం. ఊపిరాడక చస్తున్న ప్రాణికి గుండె బొమ్మలు!

పిల్లలకి బాధ్యత నేర్పుతున్నారట. ఏం నేర్పుతున్నారు? ప్రాణం పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు, ఫ్లష్ నొక్కితే కనపడకుండా పోతుంది, ఎవరూ ఏమీ అడగరు. ఇది నేర్చుకున్న పిల్లాడు పెద్దయ్యాక మనల్ని ఎలా చూస్తాడో కాస్త ఆలోచించండి.

ఇది టెట్రా ఒక్కదాని గోడే కాదు. మన నీళ్లలోనే బతికే గాజు చేప ఒంట్లోంచి ముళ్లు కనపడేంత పారదర్శకంగా ఉంటుంది. అది చాలదని సూదితో రంగు ఎక్కించి అమ్మిన ఘనులున్నారు. దాని మీద ఇంతకన్నా రాస్తే నా భాష పాడవుతుంది.

జీబ్రా చేప కూడా ఇప్పుడు రిటర్న్ గిఫ్టే. అది మన ఉపఖండపు చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో నమోదు చేశాడు. దాని జన్యుపటం 2013లో వెలువడింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దానిలో సాటి జన్యువులున్నాయని తేలింది. అందుకే మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థతో సహా ప్రపంచమంతా ప్రయోగశాలల్లో దాన్ని పెంచుతారు. మామూలుగా అక్కడ దానికి వడకట్టిన పారే నీళ్లు, 28 డిగ్రీల వెచ్చదనం, వేళకి వెలుగు, వేళకి చీకటి, పక్కన తోటి చేపలు ఉంటాయి. ప్రయోగం కోసం పెంచే చేపకి దక్కే మర్యాద పుట్టినరోజు చేపకి దక్కడం లేదు.

ప్రభుత్వం ఏం చేస్తోందంటారా? అక్వేరియం దుకాణాలకి 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది, తర్వాత వెనక్కి తీసుకుంది. గుంపు చేపకి ఫ్యాషన్ పడితే ఏమవుతుందో చూడాలంటే కేరళ వెళ్లాలి. 'మిస్ కేరళ' అని ముద్దుగా పిలిచే బార్బ్ చేప 1997లో సింగపూర్ ప్రదర్శనలో బహుమతి కొట్టింది. అప్పట్నుంచి ఎగుమతుల కోసం వాగులు ఊడ్చేశారు. చివరికి 2022 సవరణతో దాన్ని వన్యప్రాణి చట్టంలోకి చేర్చాల్సి వచ్చింది.

చేపలు పెంచేవాళ్ల మీద నాకు కోపం లేదు. నిజంగా పెంచేవాడు వేరే రకం మనిషి. తొట్టి కొంటాడు, నీళ్లు పోస్తాడు, మొక్కలు నాటుతాడు, ఫిల్టర్ ఆన్ చేస్తాడు, ఆ తర్వాత వారాల తరబడి చేప లేకుండా ఉత్త నీళ్లు పరీక్షిస్తూ కూర్చుంటాడు. ఇంటికొచ్చినవాళ్లు నవ్విపోతుంటారు. ఆయన పట్టించుకోడు.

మీ పిల్లలకి చేపలే కావాలంటే ఆయన్ని అడగండి. కనీసం 60 లీటర్ల పొడవాటి తొట్టి, పదికి తగ్గకుండా టెట్రాలు, మొదట్లో నెలన్నర ఓపిక. అంత ఓపిక లేకపోతే గాలిపటం కొనివ్వండి, కథల పుస్తకం కొనివ్వండి, సెలవుల్లో ఊరి కాలువ దగ్గరికి తీసుకెళ్లండి. ఈ ఆదివారం ఏ పార్టీలోనైనా మీ చేతిలో సీసా పెట్టబోతే మొహమాటపడకండి. "వద్దండీ, మేం దీన్ని చంపేస్తాం" అని అందరూ వినేలా చెప్పి తిరిగిచ్చేయండి.